ఒకే ఊళ్లో ఉంటూ వేరే ఇల్లు తీసుకుందామనుకుంటున్నా. ఇంట్లో ఎలా చెప్పాలి, ముందు ఏం చూసుకోవాలి?

మేడమీదగది:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. నాకు 26 ఏళ్లు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. పుట్టినప్పటి నుంచీ అమ్మానాన్నల దగ్గరే. ఇప్పుడు చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని సొంతంగా ఉందామనుకుంటున్నా.

చిక్కేమిటంటే ఉద్యోగం ఈ ఊళ్లోనే. ఆఫీసు పెద్ద దూరమూ కాదు. ఇంట్లో గొడవలూ లేవు. వెళ్లడానికి పైకి చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. మొన్న అమ్మ జ్వరంతో మూడు రోజులు మంచం దిగలేదు. వాషింగ్ మెషీన్ ఎలా వేయాలో నాకు రాదని ఆ రోజే తెలిసింది. కరెంటు బిల్లు ఎంతొస్తుందో తెలియదు, ఏ తేదీలోగా కట్టాలో తెలియదు. ఇంత వయసొచ్చి సొంత ఇంట్లో చుట్టంలా బతుకుతున్నానని సిగ్గేసింది. అప్పటి నుంచీ ఇదే ఆలోచన.

చెబితే అమ్మ అనబోయే మొదటి మాట నాకు తెలుసు: "ఇక్కడ నీకేం తక్కువైంది?" నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఏమీ తక్కువ కాలేదు. మీరంతా ఎలా చెప్పారు? చేతిలో ఎంత డబ్బుండాలి? ఇల్లు చూసేటప్పుడు ఏం చూడాలి? ఏది తోస్తే అది రాయండి.

లెక్కలపిచ్చి:
ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. అమ్మగారికి చెప్పడం తర్వాత. అద్దె కట్టగలిగితే చాలనుకుని దిగినవాళ్లకు రెండో నెలలోనే చెమటలు పడతాయి.

50-30-20 అని ఒక లెక్క వినే ఉంటారు. చేతికొచ్చే జీతంలో సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు. వినడానికి బాగుంటుంది కానీ ఉద్యోగం మొదట్లో ఒంటరిగా ఉండేవాళ్లకు అవసరాలే 60 శాతం మింగేస్తాయి. అప్పుడు సరదాల్లోంచి కోసుకోవాలి, పొదుపులోంచి కాదు. అద్దె, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అన్నీ కలిపి జీతంలో మూడో వంతు దాటకుండా ఉంటే ఊపిరాడుతుంది. సగం దాటితే ఆ ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి.

నేను చేసిన పని ఒకటి చెబుతా. ఇల్లు మారడానికి ముందు మూడు నెలలు ఉత్తుత్తి అద్దె కట్టాను. జీతం పడిన రోజే అద్దె, బిల్లులు, సరుకులు ఎంతవుతాయో అంచనా వేసి ఆ మొత్తం వేరే ఖాతాలో వేసి, మిగిలిన దాంతోనే నెలంతా గడిపాను. మొదటి నెల 19వ తేదీకే చేతులెత్తేశా. మూడో నెలకు అలవాటైంది. ఆ ఖాతాలో పోగైన డబ్బే అడ్వాన్సుకూ సామానుకూ సరిపోయింది. ఇది కాక, జీతం ఆగిపోయినా కనీసం మూడు నెలలు బతికేంత డబ్బు విడిగా ఉంచుకోండి.

ఇంకో మాట. అందరూ అడ్వాన్సూ మంచమూ లెక్కేస్తారు. బకెట్, మగ్గు, చీపురు, చెత్తబుట్ట, కర్టెన్లు, బల్బులు, హ్యాంగర్లు, కత్తెర, కాళ్లు తుడుచుకునే పట్టా... వీటిని ఎవరూ లెక్కేయరు. ఒక్కొక్కటీ చిన్నదే. నలభై చిన్నవి ఒకే వారంలో కొనాల్సొస్తుంది.

గోడమీదపిల్లి:
ఉన్న ఊళ్లోనే ఉంటూ నెలనెలా అద్దె ధారపోయడం దేనికి తమ్ముడూ? బట్టలు ఉతుక్కోవడం నేర్చుకోవాలంటే ఇంట్లోనే నేర్చుకో. దానికి ఇల్లు మారాలా? ఆ అద్దె డబ్బు ఐదేళ్లు దాచుకుంటే ఎంతవుతుందో లెక్కలపిచ్చి గారినే అడుగు.

మేడమీదగది:
తమ్ముడు కాదండీ, చెల్లిని :)

మీరన్నది నేనూ ప్రయత్నించాను. రెండు ఆదివారాలు వంట నేనే చేస్తానని దిగాను. పది నిమిషాల్లో అమ్మ వచ్చి "నువ్వు తప్పుకో, ఇలా అయితే మధ్యాహ్నం దాటిపోతుంది" అంది. అమ్మ చెప్పింది నిజమే కూడా. దాటిపోయేదే.

పాతకాపు:
పిల్లిగారూ, సబ్బు అయిపోగానే కొత్త సబ్బు దానంతటదే ప్రత్యక్షమయ్యే ఇంట్లో సబ్బు కొనడం ఎవరూ నేర్చుకోరండీ. పని చేతకాక కాదు, ఆ పని ఒకటుందనే తెలియదు.

మేడమీదగది గారూ, చెప్పే విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. నేను ఇల్లు చూసుకుని, అడ్వాన్సు కట్టేసి, అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, అప్పుడు చెప్పాను. ముందే చెబితే ఆపేస్తారని భయం. నాన్న ఒక్క మాట అనలేదు, వారం రోజులు అసలు మాట్లాడలేదు. ఇల్లు మారిన రెండు నెలలకు మొదటిసారి వచ్చి, పడగ్గది గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "ముందు నన్ను తీసుకొచ్చి ఉంటే చెమ్మ ఉందని అప్పుడే చెప్పేవాణ్ణి" అన్నారు. ఆ గోడకు కొత్తగా రంగు వేసి ఉంది, నేను మోసపోయాను. వానలు మొదలయ్యాక పెచ్చులూడింది. గోడ కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

కాబట్టి అడ్వాన్సు కట్టక ముందే చెప్పండి. కానీ "వెళ్లనా?" అని అడక్కండి. "ఫలానా నెలలో వెళ్దామనుకుంటున్నా, ఇల్లు చూడటానికి మీరూ రండి" అనండి. నెల పేరు చెప్పకపోతే అది ఎప్పటికీ కోరికగానే ఉండిపోతుంది, ప్రతి పండక్కీ వాయిదా పడుతుంది.

వానచినుకు:
కారణాలు వరసగా పేర్చకండి. ఎన్ని చెబితే అన్నిటికీ పరిష్కారం చూపిస్తారు. నేను గదిలో వెలుతురు చాలట్లేదన్నా. సాయంత్రానికి కొత్త లైటు బిగించారు.

ఖాళీగది:
నేను తలుపు ఇవతల ఉండిపోయినదాన్ని. మా పెద్దది వెళ్లి రెండేళ్లు దాటింది. కనక నా మాట కాస్త వినమ్మా.

"ఇక్కడ నీకేం తక్కువైంది" అని నేనూ అన్నాను. అచ్చంగా అవే మాటలు. అది ప్రశ్న కాదు తల్లీ. నేనేం తక్కువ చేశాను అని నన్ను నేను అడుక్కోవడం. దానికి నువ్వు ఆఫీసు దూరం, బస్సు టైము అంటూ జవాబు చెబితే నా లోపల ఆ ముల్లు అలాగే ఉండిపోతుంది. మా అమ్మాయి ఏదేదో చెప్పి చెప్పి చివరికి విసుగొచ్చి "నువ్వు అన్నీ చేసిపెడుతున్నావమ్మా, నాకేమీ రావట్లేదు" అనేసింది. కోపంలో అంది. నాకు మాత్రం అప్పుడే కాస్త అర్థమైంది.

వెళ్లాక మొదటి నెలంతా నలుగురికి సరిపడా వండేదాన్ని. చెయ్యికి కొలత అలవాటైపోయింది. పొద్దున్నే లేచి దాని గది తలుపు తట్టబోయి ఆగిపోయేదాన్ని. ఇవన్నీ దానికి చెప్పలేదు, చెబితే తిరిగి వచ్చేస్తుందని. ఇంకో సంగతి కూడా చెప్పలేదు, ఇక్కడ ఎవరికీ నేనెవరో తెలియదు కాబట్టి రాస్తున్నా. మూడో నెలలో ఒక మధ్యాహ్నం కాలు మీద కాలేసుకుని పడుకున్నాను. ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరికేం కావాలో చూసుకోనక్కర్లేదు. హాయిగా అనిపించింది. వెంటనే తప్పు చేసినట్టనిపించింది. మీ అమ్మకూ అలాంటి మధ్యాహ్నం ఒకటి వస్తుంది, కంగారు పడకు.

ఒక్కటి మాత్రం అడుగుతా. వెళ్లాక వారానికోసారి ఉతకాల్సిన బట్టల మూట పట్టుకుని రావద్దు. మాదీ మొదట్లో అలాగే వచ్చేది. నేను ఉతికి పంపేదాన్ని కూడా. మరి వెళ్లినట్టా, వెళ్లనట్టా?

మేడమీదగది:
ఖాళీగది గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఈ శనివారం చెబుతా.

ప్లంబర్_కాదు:
నేను ఇళ్లకు మరమ్మతులు చేయిస్తుంటాను, స్వయంగా చేయను, అందుకే ఆ పేరు. మనసు సంగతులు మీరంతా చెప్పారు, నేను గోడల సంగతి చెబుతా. కొంచెం పొడుగవుతుంది.

ఇల్లు రెండుసార్లు చూడండి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి. పగలు వెలుతురు, గాలి తెలుస్తాయి. చప్పుళ్లు, వీధి దీపాలు, పక్కింటి టీవీ రాత్రే తెలుస్తాయి. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి. పాతకాపు గారన్నట్టు కొత్త రంగు దేన్నైనా దాస్తుంది. ఒక్క గోడకే రంగు వేసి మిగతావి పాతగా ఉంటే ఎందుకో అడగండి. అల్మారాల తలుపులు తీసి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే లోపల ఎక్కడో తడి ఉన్నట్టే.

కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార తగ్గుతోందేమో చూడండి. టాయిలెట్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగండి. కింద గిన్నెలోకి రంగు దిగితే వాషర్ పోయినట్టు. చప్పుడు లేకుండా రాత్రింబవళ్లు నీళ్లు పోతూనే ఉంటాయి, బిల్లొచ్చేదాకా తెలియదు. నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడుందో, గ్యాస్ ఎక్కడ కట్టేయాలో ఆ రోజే అడిగి మీ చేత్తో ఒకసారి తిప్పి చూడండి. పైపు పగిలిన రాత్రి వెతుక్కునే పని కాదది.

తాళం చేతికిచ్చిన రోజు సామాను దింపక ముందే ప్రతి గోడా, ప్రతి గీతా, పగిలిన ప్రతి టైలూ ఫోటో తీయండి. మీటర్ రీడింగ్ కూడా. అవన్నీ ఆ రోజే ఓనర్‌కు మెసేజ్‌లో పంపేయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెడతామంటే ఆ తేదీయే మీ సాక్ష్యం. ఎంత ముందుగా చెప్పి ఖాళీ చేయాలి, రిపేర్లు ఎవరు చేయించాలి, అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగిస్తారు, ఈ మూడూ అగ్రిమెంటులో రాసి లేకపోతే రాయించుకోండి. నోటి మాట మంచి ఓనర్‌తోనే చెల్లుతుంది.

ఇక ప్రాణం మీదికొచ్చేవి. పొయ్యి మీద నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నూనె కన్నా నీళ్లు బరువు, అడుక్కి దిగి క్షణంలో ఆవిరైపోతాయి. నీరు ఆవిరైతే సుమారు 1700 రెట్లు వ్యాకోచిస్తుంది, మండే నూనెను పైకి ఎగజిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టండి, చల్లారేదాకా తీయొద్దు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకండి. వేయకూడదు, ఆర్పనూ కూడదు. వాల్వ్ కట్టేసి, కిటికీలు తీసి, బయటికొచ్చి అప్పుడు ఫోన్ చేయండి. వంటగ్యాసుకు నిజానికి వాసన ఉండదు. లీకైతే తెలియాలనే ఆ కంపు కలుపుతారు. బాత్రూమ్ త్వరగా మెరవాలని బ్లీచింగునూ యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌నూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. కొత్తగా ఇల్లు పెట్టినవాళ్లు శుభ్రం చేసే హుషారులో చేసే పొరపాటు ఇదే. హీటరూ ఇస్త్రీపెట్టే ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి.

ఫ్రిజ్ 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువలో ఉంచండి. వండినవి రెండు గంటలకు మించి బయట వదలొద్దు. అంతే, ఇక ఆపుతా.

గోడమీదపిల్లి:
ప్లంబర్ గారి పోస్టు చదివాక నేను జన్మలో ఇల్లు కదలను.

వానచినుకు:
ఒంటరిగా కాకుండా ఎవరితోనైనా కలిసి ఉండే ఆలోచన ఉందా? ఉంటే ఒక మాట. ప్రాణ స్నేహితులతో దిగకండి. నేను దిగాను. చిన్నప్పటి స్నేహితురాలు, ఇప్పుడు పలకరింపుల వరకే. పెద్ద గొడవేమీ జరగలేదు. గిన్నెలు. సింకులో గిన్నెలు ఎంతసేపు ఉండొచ్చన్న దాని మీద ఇద్దరికీ ఇరవై ఏళ్ల నుంచీ వేరే వేరే అభిప్రాయాలున్నాయి, మాకే తెలియదు. ముందే మాట్లాడుకోండి: గిన్నెలు, రాత్రి చుట్టాలు, ఫ్యాన్ స్పీడు, ఒకరు మధ్యలో వెళ్లిపోతే అద్దె ఎవరు కడతారు. చాలా అగ్రిమెంట్లలో ఇద్దరి సంతకాలూ ఉంటే ఒకరు పోయినా మొత్తం అద్దె రెండోవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

మేడమీదగది:
లేదండీ, ఒక్కదాన్నే. అసలు ఉద్దేశమే అది.

మేడమీదగది:
చెప్పేశాను. శనివారం అనుకున్నది ఆదివారం రాత్రయింది. అమ్మ అనుకున్న మాటే అంది. నేను ఖాళీగది గారి అమ్మాయి మాటే చెప్పాను, కోపం లేకుండా. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న కాసేపాగి, "26 ఆలస్యమా, తొందరా?" అన్నారు. నాకు తెలియదన్నాను. ఎవరికైనా తెలుసా?

లెక్కలపిచ్చి:
యూరప్‌లో దీనికి ఏటా లెక్కలు తీస్తారు. 2023లో ఇల్లు వదిలే సగటు వయసు ఫిన్లాండ్‌లో 21 దాటగానే, క్రొయేషియాలో 31 దాటాక. మొత్తం ఐరోపా సమాఖ్య సగటు 26 చిల్లర. ఆలస్యమూ కాదు, తొందరా కాదు, సరిగ్గా మధ్యలో ఉన్నారని నాన్నగారికి చెప్పండి.

మేడమీదగది:
చెప్పాను. నవ్వారు. ఇల్లు చూడటానికి వస్తానన్నారు. వచ్చి టాయిలెట్ ట్యాంకులో రంగు వేస్తుంటే "ఇవన్నీ ఎవరు నేర్పారు నీకు?" అని అడిగారు. ప్లంబర్ గారూ, రంగు దిగింది. ఓనర్ వాషర్ మార్పించారు. వచ్చే నెల మొదట్లో వెళ్తున్నా.

ఇప్పుడు కొత్త టెన్షన్. రెండో తాళంచెవి అమ్మావాళ్లకు ఇవ్వాలా?

గోడమీదపిల్లి:
ఇవ్వకపోతే ఇల్లెందుకు మారినట్టో వాళ్లకు అర్థమవుతుంది. ఇస్తే మీకు అర్థమవుతుంది.

పాతకాపు:
ఇవ్వండి. తాళం వేసుకుని చెవి లోపల మరిచిపోయే రోజు తప్పకుండా వస్తుంది. జ్వరమొచ్చి తలుపు తీయలేని రోజూ రావచ్చు.

వానచినుకు:
నేను ఇవ్వను. ఆఫీసు నుంచి వచ్చేసరికి నా బట్టలన్నీ మడతపెట్టి ఉండేవి. ప్రేమే, కాదనను. కానీ మడతపెట్టినవాళ్లు చదవకూడని కాగితాలు కూడా అదే అల్మారాలో ఉంటాయి కదా.

ఖాళీగది:
ఇవ్వు, ఫోన్ చేయకుండా రావద్దని కూడా చెప్పు. మొహమాటపడకు. మా అమ్మాయి చెప్పింది. ఒక పూట బాధపడ్డాను. ఇప్పుడు అది కూడా ఫోన్ చేసే వస్తోంది, నాకూ బాగానే ఉంది.

మేడమీదగది:
మొదటి రాత్రి. మూడైంది. నిద్ర లేదు. ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందని ఎవరూ చెప్పలేదు.

నిద్రరానిగుడ్లగూబ:
నేనూ మేలుకునే ఉన్నా. అది మీ ఒక్కరి బాధ కాదు. 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని మీద పరిశోధన ప్రచురించారు. కొత్త చోట మొదటి రాత్రి మెదడు ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదట, చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడేలా కాపలా కాస్తుందట. అదే చోట మళ్లీ పడుకున్నప్పుడు ఆ తేడా కనబడలేదు. మీ సగం మెదడు ఇప్పుడు ఫ్రిజ్‌కు కాపలా కాస్తోంది. పాత దుప్పటి, పాత దిండు తెచ్చుకున్నారా?

ఇంటి బెంగను ఒకప్పుడు జబ్బనే అనుకునేవారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి దానికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. గ్రీకులో ఇంటికి తిరిగి రావడం, నొప్పి, ఆ రెండు మాటలు కలిపి. ఇప్పుడు పాత పాటలు వింటే అనిపించేదానికి వాడుతున్నాం కానీ పుట్టింది మీలాంటివాళ్ల కోసమే. జాగ్రత్త ఏమిటంటే బెంగ రాత్రుల కన్నా ఆదివారం సాయంత్రాలు ఎక్కువ పట్టుకుంటుంది. ఆ పూటకు ఏదో ఒక పని పెట్టుకోండి. నేనైతే చెప్పులు కుట్టించుకోవడానికి కూడా ఆదివారం సాయంత్రమే వెళ్లేవాణ్ణి.

మేడమీదగది:
దిండు తెచ్చుకోలేదు. రేపు తెచ్చుకుంటా. థాంక్సండీ, కాస్త నవ్వొచ్చింది.

ఖాళీగది:
రేపు కాదు, ఎల్లుండి వెళ్లు. మర్నాడే వెళితే ఇద్దరికీ కష్టం.

మేడమీదగది:
నెల దాటింది, ఒకసారి చెప్పి వెళ్దామని వచ్చా. లెక్క తప్పింది. సరుకులకు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లయింది, సగం పారేశాను. ఒక్క మనిషి ఎంత తింటుందో తెలియక పెద్ద పెద్ద పొట్లాలు కొన్నా. తెల్ల బట్టలు రెండు లేత గులాబీ రంగుకు మారాయి. స్నానానికి వెళ్లాక సబ్బు లేదని తెలిసింది. పాతకాపు గారు గుర్తొచ్చారు.

తాళంచెవి ఇవ్వడానికి వెళ్లాను. ఫోన్ చేసి రమ్మని చెప్పడానికి దారంతా మాటలు కూడబలుక్కున్నా. అమ్మ చెవి తీసుకుని, లోపలికెళ్లి, ఇంకో చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మేం లేనప్పుడు వస్తే బయట నిలబడతావేంటి" అంది. అప్పుడు తట్టింది, ఇన్నేళ్లలో మా ఇంటి తాళంచెవి నా దగ్గర ఎప్పుడూ లేదు. ఎప్పుడూ లోపలి నుంచి ఎవరో ఒకరు తలుపు తీసేవారు. నేను కూడబలుక్కున్నవేవీ చెప్పలేకపోయాను. గుమ్మం దిగుతుంటే అమ్మే వెనక నుంచి, "వచ్చే ముందు ఫోన్ చెయ్యి, మేం ఎటైనా వెళ్తే?" అంది.

ప్లంబర్_కాదు:
బాగుంది. మీటర్ రీడింగ్ ఫోటో తీశారా?

మేడమీదగది:
తీశాను. ఓనర్‌కు పంపాను. తేదీతో సహా.